ఎకరం వంద కోట్లు... తంగేడు పువ్వు ఉచితం!

ఒకవైపు యాభై అంతస్తులు దాటిన భవనాలు. ఇంకోవైపు బండరాయిని పగలగొట్టే యంత్రాల మోత. మధ్యలో ఇంకా ఎవరి చెయ్యీ పడని ఓ రాతిగుట్ట. ఆ గుట్ట నెర్రెలోంచి నడుమెత్తు లేచిన పొద... ఒళ్లంతా పసుపు పూలే! భాద్రపదం ముగిసి ఆశ్వయుజం వచ్చే రోజుల్లో కోకాపేట వైపు వెళితే కనిపించే దృశ్యమిది. వేలంలో ఎకరం వంద కోట్లు పలికిన నేల అది. అదే నేలలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పూస్తున్న ఆ కొండపొద పేరు తంగేడు.

కొండపూల కోసం కోసుల దూరం

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే ఐటీ కారిడార్ అపార్టుమెంట్లలో కొండల కబుర్లు మొదలవుతాయి. సిక్కిం వెళదామని ఒకరంటే, ఉత్తరాఖండ్ అని మరొకరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి కొండలు ఎర్రగా మండిపోతున్నట్టు కనిపిస్తాయి. అది రోడోడెండ్రాన్ పూసే కాలం. ఉత్తరాఖండ్‌లో దాన్ని 'బురాన్ష్' అంటారు, పూలతో షర్బత్ చేస్తారు. నేపాల్‌లో 'లాలీ గురాస్' అంటారు, అది వాళ్ల జాతీయ పుష్పం. కేరళలోని మున్నార్‌లో నీలకురింజి పూసిందంటే చాలు, రైళ్లూ బస్సులూ కిటకిటలాడతాయి. పన్నెండేళ్లకోసారి పూసే ఆ పొద 2018లో పూసింది. ఇక 2030లోనే!

ఎత్తయిన కొండ మీద పొదగా బతకడం మాటలు కాదు. పలచని మట్టి, ఈడ్చి కొట్టే గాలి, పగలు మండే ఎండ, రాత్రి కొరికే చలి. రోడోడెండ్రాన్ వీటన్నిటికీ ఒక్కో ఉపాయం కనిపెట్టింది. దాని ఆకులు తోలులా మందంగా ఉంటాయి. చాలా జాతుల్లో ఆకు అడుగున సన్నటి నూగు పరుచుకుని ఉంటుంది. చలి ముదిరితే కొన్ని జాతుల ఆకులు చుట్టలా ముడుచుకుపోతాయి. సారంలేని పుల్లమట్టిలో తిండి వెతుక్కోవడానికి వేళ్లు బూజుజాతి జీవులతో జట్టు కడతాయి. ఇన్ని కష్టాలుపడి బతికే మొక్క కాబట్టే దాని పువ్వును చూస్తే అంత సంబరం.

ఈ మొక్క విషయంలో శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించిన ప్రశ్న ఒకటుంది. రోడోడెండ్రాన్ హిమాలయాల్లో ఉంది, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో ఉంది. మళ్లీ రెండువేల కిలోమీటర్లు దాటాక నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో కనిపిస్తుంది. మధ్యలో ఉన్న దక్కను పీఠభూమిలో మాత్రం లేదు! ఒకప్పుడు చల్లని తేమ వాతావరణంలో హిమాలయ జీవజాతులు సాత్పురా కొండల మీదుగా దక్షిణానికి చేరి ఉండవచ్చని జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1949లో ప్రతిపాదించారు. మంచుయుగాల్లో చలి దక్షిణం దాకా పాకినప్పుడు వ్యాపించి, ఎండలు పెరిగాక ఎత్తయిన కొండలకే పరిమితమై ఉంటాయన్నది మరో వివరణ. ఏది నిజమైనా, మధ్యలో మిగిలిన వేడి, పొడి రాతినేలలో ఆ చలికొండల పొద నిలవలేకపోయింది.

సరిగ్గా ఆ రాతినేలలోనే ఉంది కోకాపేట. అక్కడ ఏ పొదా నిలవదనుకుంటే పొరపాటే. చలికొండకు రోడోడెండ్రాన్ ఎలాగో, ఎండగుట్టకు తంగేడు అలాగ!

గండిపేట కన్నా ఎత్తున

హైదరాబాద్‌కు పడమర దిక్కున, గచ్చిబౌలి దాటి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నార్సింగి మీదుగా వెళితే కోకాపేట వస్తుంది. ఇప్పుడది రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలో ఉంది. పక్కనే గండిపేట చెరువు, అదే ఉస్మాన్‌సాగర్. 1908 నాటి మూసీ వరదల తర్వాత, మళ్లీ అలాంటి ముప్పు రాకూడదని నిజాం కాలంలో కట్టారు. 1920లో పూర్తయిన ఆ చెరువు పూర్తిస్థాయి నీటిమట్టమే సముద్రమట్టానికి 1,790 అడుగులు. దాని పక్కన గట్టునేల మీదున్న కోకాపేట గుట్టలు అంతకన్నా ఎత్తు. హిమాలయాల ముందు ఇది లెక్కలోకి రాని ఎత్తే. కానీ నీళ్లు నిలవని రాతి వాలు, అడ్డులేని గాలి, కాలిపోయే బండ... మొక్క పడే పాట్లు మాత్రం కొండ మీది పాట్లే.

ఆ బండరాళ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కరిగిన శిలాద్రవం లోపల్లోపలే చల్లారి గ్రానైట్‌గా గడ్డకట్టింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు అరిగిపోయాక ఈ రాయి బయటపడింది. ఎండకు వ్యాకోచించి, రాత్రికి కుంచించుకుని, నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లో వాననీరు దిగి, మూలలు అరిగి చివరికి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్లుగా మారింది. రాలిన పొడి మొరంగా, ఎర్ర చెలకగా పోగుపడింది. జూబ్లీహిల్స్ నుంచి గోల్కొండ దాకా, అక్కడి నుంచి కోకాపేట దాకా ఒకప్పుడు ఎటుచూసినా ఈ రాళ్లే. వాటి సందుల్లో సీతాఫలం, రేగు, బలుసు, నేలమీద గునుగు... వీటన్నిటి మధ్య తంగేడు.

నెర్రెలో సంసారం

తంగేడు పొద మామూలుగా మనిషెత్తు పెరుగుతుంది. మంచి నేల దొరికితే ఇంకాస్త పైకి లేస్తుంది. మొదట్లోంచే కొమ్మలు వేస్తుంది కాబట్టి చెట్టులా కాకుండా గుబురుగా కనిపిస్తుంది. పైకి కనిపించేది సగమే. అసలు బలమంతా వేరులో ఉంటుంది. విత్తనం మొలవగానే తల్లివేరు నెర్రె వెంట కిందికి దిగడం మొదలుపెడుతుంది. పైన బండ కాలిపోతున్నా లోపలి పగుళ్లలో కొద్దిగా తడి మిగిలి ఉంటుంది. ఆ తడిని పట్టుకుంటే చాలు, ఎండాకాలం గట్టెక్కినట్టే.

ఆకుల్లోనూ పొదుపే. ఒక్కో ఈనెకు అటూ ఇటూ ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్నచిన్న ఆకురెబ్బలుంటాయి. పెద్ద ఆకు ఎండకు త్వరగా వేడెక్కుతుంది. చిన్న రెబ్బల మధ్య గాలి ఆడి వేడిని లాక్కుపోతుంది. చీకటి పడగానే రెబ్బలన్నీ జతలు జతలుగా ముడుచుకుంటాయి. చింతాకు నిద్రపోయినట్టే ఇదీ నిద్రపోతుంది. ప్రతి రెబ్బల జత మధ్యా పుల్లలా నిక్కబొడుచుకుని ఓ చిన్న గ్రంథి ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే పిల్లలకు భలే సరదా.

తంగేడుది చిక్కుడు కుటుంబం. ఆ కుటుంబంలో చాలా మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చిపెడుతుంది. కందికీ పెసరకూ ఆ అదృష్టముంది. తంగేడు ఉన్న 'సెన్నా' ప్రజాతిలో చాలా మొక్కలకు ఆ బుడిపెలు లేవు. అంటే ఈ పొద పుట్టింటి ఆస్తి ఏమీ లేకుండానే బీదనేలలో సంసారం చేస్తోందన్నమాట! పైగా పశువులు దీని జోలికి సాధారణంగా రావు. మందలు తిరిగే చెలకల్లో అన్నీ బోడిగా మారినా తంగేడు మాత్రం పచ్చగా నిలబడి కనిపించేది అందుకే.

చెవులున్న మొక్క

తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. లాటిన్‌లో 'ఆరిక్యులా' అంటే చిన్నచెవి. పువ్వు చూసి పెట్టిన పేరు కాదిది. ఆకుకాడ కొమ్మను అంటుకునే చోట రెండువైపులా గుండ్రని పుచ్ఛాలుంటాయి. అచ్చం చెవి తమ్మెల్లా ఉంటాయవి. పూలు లేని రోజుల్లో తంగేడును గుర్తుపట్టాలంటే ఆ చెవులు చూస్తే చాలు.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి 'కాసియా ఆరిక్యులేటా' అని పేరుపెట్టారు. ఆ తర్వాత దీన్ని పరిశీలించినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ఈ స్కాట్లండ్ వైద్యుడికి తెలుగునేలతో దగ్గరి అనుబంధం ఉంది. 1781 నుంచి పన్నెండేళ్లపాటు గోదావరి జిల్లా సామర్లకోటలో ఉండి, అక్కడి మొక్కలను చిత్రకారులతో బొమ్మలు గీయించారు. వాటి తెలుగు పేర్లను ఓపిగ్గా రాసుకున్నారు. తంగేడును 'సెన్నా'లో చేర్చినది ఆయనే. ఆయన 1815లో కన్నుమూశాక, 1832లో విలియం కేరీ అచ్చువేయించిన 'ఫ్లోరా ఇండికా'లో ఆ పేరు వెలుగుచూసింది. తర్వాత చాలాకాలం అందరూ కాసియా అనే రాశారు. 1982లో అమెరికా శాస్త్రవేత్తలు ఇర్విన్, బార్నెబీ ఆ పెద్ద ప్రజాతిని మూడుగా విడదీశాక సెన్నా పేరే మళ్లీ స్థిరపడింది. సామర్లకోట డాక్టరుగారి మాట నెగ్గడానికి నూటయాభై ఏళ్లు పట్టింది!

పువ్వులో ఉప్పుడబ్బా

తంగేడు పువ్వును చేతిలోకి తీసుకుని చూస్తే అయిదు పసుపు రేకలు. అన్నీ ఒకే తీరుగా ఉండవు. మధ్యలో పది కేసరాలు. వాటిలో మూడు రకాలు. పైనున్న మూడూ పనిచేయని గొడ్డు కేసరాలు. మధ్యలో నాలుగు పొట్టివి. కింద మూడు పొడవైనవి, కొక్కెంలా వంగి ఉంటాయి.

ఇప్పుడు అసలు విచిత్రం. మందార కేసరాన్ని ముట్టుకుంటే వేలికి పుప్పొడి అంటుకుంటుంది. తంగేడును ముట్టుకుంటే ఏమీ రాదు. దీని పరాగకోశం నిలువునా విచ్చుకోదు. కొసన మాత్రం చిన్న రంధ్రం ఉంటుంది. బల్ల మీద ఉప్పు చల్లుకునే డబ్బాలాంటిదన్నమాట. కదిపితేనే పొడి రాలుతుంది. కదిపేది ఎవరు? తుమ్మెద!

ఎండుకొయ్యలో తొలిచి గూడు కట్టుకునే నల్లటి పెద్ద తుమ్మెద పువ్వు మీద వాలి కేసరాలను కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే కండరాలను మాత్రమే బలంగా అదిలిస్తుంది. జుమ్మ్... మని శబ్దం వస్తుంది. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి పొగలా ఎగజిమ్ముతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. తంగేడు పువ్వులో తేనె కూడా ఉండదు. అతిథికి పెట్టే విందంతా పుప్పొడే.

మరి పుప్పొడంతా తుమ్మెదే తినేస్తే మొక్కకు మిగిలేదేమిటి? అందుకే కేసరాలు పని పంచుకున్నాయి. పొట్టి కేసరాల పొడి తుమ్మెద విందుకు. పొడవాటి కేసరాల పొడి తుమ్మెద ఒంటి మీద దాని కాళ్లకు సరిగా అందనిచోట పడుతుంది. అది ఇంకో పువ్వు కీలాగ్రానికి చేరుతుంది. ఒకే పువ్వులో ఇలా రెండు రకాల కేసరాలు ఎందుకన్న ప్రశ్న చివరిరోజుల్లో చార్లెస్ డార్విన్‌ను సైతం కుదురుగా ఉండనివ్వలేదు. ఈ పని విభజన సంగతిని 1880ల్లో బయటపెట్టినవారు జర్మనీకి చెందిన ముల్లర్ సోదరులు, ఫ్రిట్జ్, హెర్మన్.

అన్నట్టు, ఎక్కడో మంచుకొండల్లో ఉండే రోడోడెండ్రాన్ కేసరాలకూ కొసనే రంధ్రాలుంటాయి! రెండూ చుట్టాలు కావు. అయినా ఒకే ఉపాయం రెండుచోట్లా పుట్టింది. తేడా ఒక్కటే. రోడోడెండ్రాన్ పుప్పొడి సన్నటి జిగురు దారాలతో అల్లుకుని ఉంటుంది. తేనె కోసం వచ్చిన పిట్టకో ఈగకో ఒక దారం అంటుకుంటే పూసలదండలా మొత్తం బయటికి వస్తుంది. తంగేడు పుప్పొడి పొడిపొడిగా ఉంటుంది, అదిలిస్తేనే రాలుతుంది. మున్నార్ దాకా వెళ్లినా దొరకని ఈ ముచ్చట కోకాపేటలో ఓ పొద పక్కన పది నిమిషాలు నిలబడితే కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది.

లంద నుంచి బతుకమ్మ దాకా

తంగేడును ఊరి జనం ఎన్నడూ ఊరికే వదల్లేదు. దాని బెరడులో తోలును పదును చేసే టానిన్ పుష్కలంగా ఉంటుంది. మాదిగ వృత్తిదారులు లందల్లో తంగేడు చెక్క నానబెట్టి, ఆ కషాయంలో పచ్చితోళ్లను ఊరబెట్టేవారు. చెప్పులు, మోటబొక్కెనలు ఆ తోలుతోనే తయారయ్యేవి. బావి నీళ్లు పొలానికి పారాయంటే అందులో తంగేడు చెక్క వంతూ ఉండేది. మద్రాసు వైపు పెద్ద తోళ్ల పరిశ్రమలూ చాలాకాలం దీని మీదే ఆధారపడ్డాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతులు పెరిగాక దీని గిరాకీ తగ్గింది. లేత రొట్టను వరిమడిలో తొక్కి ఎరువు చేసేవారు. పుల్ల విరిచి పళ్లు తోముకునేవారు. శ్రీలంకలో దీన్ని 'రణవర' అంటారు, ఎండిన పూలతో టీ కాచుకుంటారు. షుగరుకు మంచిదని ఆ టీ పొడిని ఇక్కడా అమ్ముతున్నారు. దాన్ని నమ్ముకుని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానడం మాత్రం ప్రమాదం.

ఎన్ని ఉపయోగాలున్నా, తెలంగాణ ఆడపడుచులకు తంగేడంటే బతుకమ్మే. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదోరోజు సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ. పళ్లెంలో వరసలు వరసలుగా పేర్చే పూలలో గునుగు ఎంత ముఖ్యమో తంగేడూ అంతే. వానలకు చెరువులు నిండి, గుట్టలు పచ్చబడి, ఈ పూలు విరగబూసే రోజులకే పండుగ కూడా వస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

ఈ పువ్వు గురించి ఊళ్లలో చెప్పుకునే కథ ఒకటుంది. ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెలు. ఆమె మీద వదినకు కన్నుకుట్టింది. పాలలో విషం కలిపి చంపించి, ఊరిబయట పాతిపెట్టించింది. ఆ చోట తంగేడు మొలిచి పసుపుగా పూసింది. చంపినా చావని ఆడపిల్ల బతుకే ఆ పువ్వన్నది కథలోని మాట. కథ కట్టిన అమ్మలకు వృక్షశాస్త్రం తెలియకపోవచ్చు. తంగేడు గుణం మాత్రం బాగా తెలుసు. కొమ్మలు నరికితే మొదలు చిగురిస్తుంది. పైనంతా ఎండకు మాడినా వేరు బతికుంటే వానకు మళ్లీ లేస్తుంది. ఏటా పండక్కి గంపలకొద్దీ పూలు తెంపుకుపోయినా మరుసటి ఏడు అదే గుట్ట మళ్లీ పసుపుబారేది అందుకే.

గొడ్డలికి లొంగదు... కానీ

కరువుకు చావదు. పశువులకు దొరకదు. గొడ్డలికి లొంగదు. ఇన్ని తట్టుకున్న తంగేడుకు తట్టుకోలేనిది ఒక్కటే. కాళ్లకింద నేల లేకపోవడం!

2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరుచుకుంది. అప్పటిదాకా నగరానికి దూరపు పల్లెగా ఉన్న కోకాపేట ఒక్కసారిగా హైటెక్ సిటీకి పక్కిల్లయింది. 2021 జులై వేలంలో ఇక్కడ ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్ల రూపాయలు పలికింది. 2023 ఆగస్టులో నియోపొలిస్ లేఅవుట్‌లో 45.33 ఎకరాలను వేలం వేస్తే 3,319.60 కోట్లు వచ్చాయి. ఒక ప్లాటులో ఎకరం 100.75 కోట్లకు పోయింది. అంత ధర పెట్టి కొన్నవారు గుట్టను గుట్టగా ఉంచరు. బండను పేల్చి, కార్ల కోసం కిందికి కొన్ని అంతస్తుల లోతు తవ్వి, పైకి టవర్లు లేపుతారు. వేలమందికి ఇళ్లూ ఉద్యోగాలూ వస్తాయి. ఎందరో మధ్యతరగతి తల్లిదండ్రుల కలలు ఆ అద్దాల వెనకే పండాయి. కాదనడానికి లేదు.

కానీ 250 కోట్ల ఏళ్ల రాయి ఒకసారి పగిలితే అంతే. ఆ నెర్రె మళ్లీ రాదు. కట్టడం పూర్తయ్యాక ఎక్కడినుంచో తెచ్చిన ఎర్రమట్టి పోసి, లాన్ పరిచి, ఖర్జూరాన్ని పోలిన విదేశీ చెట్లు నాటుతారు. వాటికి రోజూ నీళ్లు కావాలి, మందులు కావాలి, తోటమాలి కావాలి. పసుపు పూలు కావాలంటే అమెరికా ఖండాల నుంచి వచ్చిన టెకోమాలూ అలమండాలూ నర్సరీల్లో సిద్ధం. అవి అందంగానే ఉంటాయి. కానీ బతుకమ్మ పేర్చేవాళ్లు వెతికేది వాటికోసం కాదు. తంగేడు లేత ఆకు తిని పెరిగే పసుపు, తెలుపు సీతాకోకచిలుకల గొంగళ్లకూ అవి తిండి కావు.

అందుకే ఇప్పుడో వింత కనిపిస్తుంది. సద్దుల బతుకమ్మకు ముందురోజు నగరంలో కూడళ్ల దగ్గర తంగేడు కట్టలు అమ్మకానికి వస్తాయి. పల్లెల్లో తెల్లవారకముందే తెంపి, గునుగుతో కలిపి ఆటోల్లో, బస్సుల మీద తెస్తారు. అమ్మేవాళ్లకు నాలుగు రూపాయలు మిగిలితే మంచిదే. కానీ గుట్టకు వెళ్లి పూలు తెంపడం పండుగలో సగం. గంప పట్టుకుని పిల్లలతో బయల్దేరడం, ఏ పొదకు ఎక్కువ పూలున్నాయో పోటీపడటం, ముళ్లరేగుకు కొంగు చిక్కుకోవడం, పక్కింటామె గంప చూసి మూతి ముడవడం... ఇవేవీ కట్టలో కట్టి అమ్మలేరు. టవరులో పెరుగుతున్న పిల్లకు తంగేడు పువ్వు తెలుసు. తంగేడు పొద తెలియదు!

కుండీలో కాదు, నేలలో...

అయితే ఇది తిరిగిరాని కథేమీ కాదు. రాయి తిరిగిరాకపోవచ్చు. పొద వస్తుంది. తంగేడును పెంచడం గులాబీని పెంచడం కన్నా తేలిక.

పండుగ అయిపోయాక పువ్వుల చోట పలచని చదునైన కాయలు వస్తాయి. చలికాలం నడిచేకొద్దీ అవి గోధుమరంగుకు తిరిగి, గాలికి గలగలలాడతాయి. ఒక్కో కాయలో పది నుంచి ఇరవై దాకా గింజలుంటాయి. గింజ పైపెంకు గట్టిది. అందుకే కాచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది. మృగశిర కార్తెలో, తొలకరి పడ్డాక నేరుగా నేలలోనే విత్తుకోవాలి. తల్లివేరు లోతుకు దిగే మొక్క కాబట్టి చిన్నకుండీలో పెంచి మార్చడం కన్నా విత్తినచోటే వదిలేయడం మేలు. మొరం నేలైనా సరే, రోజంతా ఎండ పడాలి. మొదటి ఏడాది వానలు ముఖం చాటేస్తే కాస్త నీళ్లు పోయాలి. ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. పండక్కి పూలకొమ్మలు కోసుకుంటే కొత్త కొమ్మలు వేసి ఇంకా గుబురవుతుంది.

గేటెడ్ కమ్యూనిటీల్లో ప్రహరీ వెంబడి, సర్వీసు రోడ్ల పక్కన, బడి ఆవరణలో వాడకుండా మిగిలే రాతిమూలలు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్లు చాలక లాన్ ఎండిపోయే చోట్లూ ఉన్నాయి. తంగేడు అడిగేది సరిగ్గా అలాంటి నేలనే. పక్కనే నాలుగు గునుగు విత్తులు చల్లితే, ఆ ఇళ్ల బతుకమ్మకు పూలు మెట్లు దిగినంత దూరంలోనే దొరుకుతాయి. ఇంకా పేల్చని గుండ్రాళ్లున్న చోట కొన్నిటినైనా పార్కులో భాగంగా ఉంచితే రాయీ మిగులుతుంది, నెర్రే మిగులుతుంది. హైదరాబాద్‌లో రాళ్లను కాపాడుకోవాలంటూ 1996లోనే 'సొసైటీ టు సేవ్ రాక్స్' మొదలైంది. రాయిని కాపాడటమంటే దాన్ని నమ్ముకున్న పొదనూ తుమ్మెదనూ కాపాడటమే.

ఎప్పుడు వెళ్లాలి?

తంగేడు ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటుంది. కానీ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా చూడాల్సిందే. ఉదయం ఎండ పూర్తిగా ఎక్కకముందు వెళితే తుమ్మెదల సందడి కనిపిస్తుంది. నార్సింగి, కోకాపేట, గండిపేట దారుల్లో కంచె వేయని రాతి చెలకల అంచున పొదలు రోడ్డు మీదికే కనిపిస్తాయి. తవ్వకాలు సాగే స్థలాల్లోకి, పేలుళ్లు జరిగే చోట్లకు పిల్లలతో వెళ్లకూడదు. గుట్టల్లో నడిచేటప్పుడు కాళ్లకు బూట్లుండాలి, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు. ఓ భూతద్దం వెంట ఉంటే ఆకుకాడ దగ్గరి చెవులనూ కేసరం కొసన రంధ్రాన్నీ పిల్లలకు చూపించవచ్చు.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారికి పూలు తక్కువగా, కాయలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎండిన కాయలను రెండు గుప్పెళ్లు కోసి కాగితంలో పొట్లం కట్టుకుంటే చాలు. దానికి వేలం పాట లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. వచ్చే తొలకరి దాకా వంటింటి అలమారలో ఓ మూల భద్రంగా ఉంటాయి.